దుబాయ్ దిర్హాం, డాలస్ డాలర్, జగిత్యాల రూపాయి: జీతాలూ ఖర్చులూ ఎట్లా పోల్చాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 2013 నుంచి 2019 దాకా షార్జాలో ఒక కంపెనీ స్టోర్స్‌లో లెక్కలు రాసి వాపస్ వచ్చా, ఇప్పుడు జగిత్యాలలోనే ఉంటున్నా. ఊర్లో ఎవరికి ఆఫర్ లెటర్ వచ్చినా, ఎవరి పిల్లలకి అమెరికా అడ్మిషన్ వచ్చినా ఫోన్ నాకే, "అన్నా, ఇది మన పైసల్లో ఎంత?" అని. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒక్క దగ్గర రాసి పెడుతున్నా. మారకం రేటు రోజూ మారుతది కదా, అందుకే లెక్క తేలిగ్గా ఉండటానికి డాలర్ 90 రూపాయలు, దిర్హాం 24 రూపాయల 50 పైసలు అని పట్టుకున్నా. మీరు చదివే రోజుకి అటూ ఇటూ అయి ఉంటే చివరి ప్రశ్న చూడండి.

జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే తప్పేముంది?

జీతం మొత్తాన్ని మార్చడమే తప్పు, నెలాఖరుకి మిగిలినదాన్ని మారిస్తే తప్పు లేదు. ఎందుకంటే అక్కడ తినే తిండి, ఉండే గది, ఎక్కే బస్సు అన్నీ అక్కడి ధరల్లోనే ఉంటాయి, ఆ డబ్బు రూపాయి మొహం ఎప్పుడూ చూడదు. ఇంటికి పంపేదొక్కటే రూపాయి అయితది, అది ఇక్కడి ధరల్లో ఖర్చయితది. మనోళ్లు అందరూ చేసేది ఏంటంటే జీతాన్ని రూపాయల్లోకి గుణిస్తారు, ఖర్చుని మాత్రం జగిత్యాల ఖర్చు అనుకుంటారు, రెండూ కలిపి చూస్తే స్వర్గం కనిపిస్తది మరి.

నాకైతే మొదటి నెల రివర్స్‌లో ఉండేది. కంపెనీ గేటు బయట కరక్ చాయ్ ఒక దిర్హాం, అప్పటి రేటుకి పదిహేడు రూపాయలు, ఊర్లో ఐదు రూపాయల చాయ్ తాగి పోయినవాడిని, కప్పు పట్టుకున్నప్పుడల్లా గుండె గుభేల్‌మనేది. రెండో నెల నుంచి గుణించడం మానేశా, చాయ్ చాయ్‌లాగా అనిపించింది.

పీపీపీ అని చదివా, అదేంటి?

కొనుగోలు శక్తి లెక్క. అమెరికాలో ఒక డాలర్‌కి వచ్చే సరుకులూ సేవలూ ఇండియాలో కొనాలంటే ఎన్ని రూపాయలు కావాలి అనేది. ప్రపంచ బ్యాంకు వాళ్లు దేశదేశాల్లో ధరలు సేకరించి ఈ లెక్క కడతారు, ఆ ప్రోగ్రామ్ 1968 నుంచి నడుస్తోంది. ఇండియాకి ఆ సంఖ్య సుమారు 20. అంటే బజార్లో డాలర్ 90 రూపాయలకి మారుతుంటే, బతుకు లెక్కలో డాలర్ మన 20 రూపాయలంత పని చేస్తది అన్నమాట.

దీన్ని పట్టుకుని "అయితే లక్ష డాలర్ల జీతం అంటే ఇక్కడ 20 లక్షలే" అని తీర్పు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, అదీ పూర్తిగా నమ్మొద్దు. ఆ 20 అనేది దేశం మొత్తం సగటు, అందులో మా ఊరి కిరాయి ఉంది, పట్నం మంగలి షాపు ఉంది, గవర్నమెంట్ దవాఖాన ఉంది. గచ్చిబౌలిలో గేటెడ్ కమ్యూనిటీ, ఇంటర్నేషనల్ స్కూలు, రెండేళ్లకో ఐఫోను అనే బతుకైతే ఆ బుట్ట వేరే. ఫోను, విమానం టికెట్టు ఏ దేశంలోనైనా దగ్గర దగ్గర అదే రేటు, కొన్ని మన దగ్గరే ఎక్కువ కూడా. చవకగా దొరికేది మనిషి చేసే పని ఒక్కటే.

మనిషి చేసే పని ఇక్కడ అంత చవక ఎందుకు? కటింగ్ అదే కదా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. మా గల్లీలో కటింగ్ వంద రూపాయలు. షార్జాలో నేను పదిహేను దిర్హాములు ఇచ్చేవాణ్ణి. మా బావ డాలస్ పక్కన ఉంటాడు, పాతిక డాలర్లు, మీద టిప్పు నాలుగైదు. కత్తెర అదే, ఇరవై నిమిషాలు అవే, ఇంకా చెప్పాలంటే మా గల్లీ అన్న తల కూడా మర్దన చేస్తాడు. మన వంద రూపాయలంటే ఒక డాలర్ చిల్లర, మరి పాతిక డాలర్లకీ ఒక డాలర్‌కీ తేడా ఎందుకు?

అక్కడ ఫ్యాక్టరీలో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక్కో మనిషి గంటకి చేసే పని విలువ ఎక్కువ కాబట్టి జీతాలు ఎక్కువ. మంగలికి కూడా దానికి తగ్గట్టు ఇవ్వకపోతే ఆయన కత్తెర పక్కన పెట్టి వేరే పనికి పోతాడు. అందుకని కటింగ్ రేటు కూడా పైకి లేస్తది. వస్తువులైతే ఓడల్లో దేశాలు దాటి రేట్లు సర్దుకుంటాయి, కటింగ్‌ని ఓడలో ఎక్కించలేం కదా. 1964లో బెలా బలస్సా, పాల్ శామ్యూల్‌సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేర్వేరుగా ఇదే సంగతి రాశారు, అందుకే పుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కలిపి చెప్తారు.

పని మనిషి, డ్రైవరు, వంట, ప్లంబరు, పిల్లల్ని చూసుకునే ఆయా, ఇవన్నీ ఇదే లెక్క. అమెరికా నుంచి వచ్చినోళ్లు ఇక్కడ రాజాల్లాగా ఉన్నామంటారు చూడండి, వాళ్లు కొంటున్నది ఇంకో మనిషి సమయం.

బర్గర్‌తో పోలుస్తారట, నిజమేనా?

నిజమే, ఎకానమిస్ట్ పత్రిక 1986లో సరదాగా మొదలుపెట్టింది, మెక్‌డొనాల్డ్స్ వాళ్ల బిగ్ మ్యాక్ బర్గర్ ఏ దేశంలో ఎంత ఉందో చూసి కరెన్సీ ఎక్కువ రేటు పలుకుతోందా తక్కువా అని చెప్తారు. ఇండియాలో వాళ్లు బీఫ్ బర్గర్ అమ్మరు కాబట్టి మనకి చికెన్ మహారాజా మ్యాక్ పట్టుకుంటారు. సరదాకి బాగుంటది గానీ జగిత్యాల నుంచి దుబాయ్ పోయే వాడికి దాంతో పనేముంది, మనం సోనా మసూరి బస్తా, కిలో చికెన్, గది కిరాయి చూసుకోవాలి.

1,200 దిర్హాముల ఆఫర్ వచ్చింది, పోవచ్చా?

ఎక్కువ ఫోన్లు దీని గురించే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. వెయ్యి బేసిక్, రెండొందలు ఫుడ్డు, ఉండటానికి కంపెనీ క్యాంపు అనుకుందాం. గుణిస్తే 29,400 రూపాయలు. ఏజెంటు ఈ సంఖ్యే చెప్తాడు, ఇంట్లో కూడా ఇదే చెవిలో పడతది.

ఇప్పుడు ఖర్చు తీద్దాం. మెస్సు, ఫోను, సబ్బులు, చాయ్, సెలవు రోజు కాస్త బయట తిరుగుడు, ఎంత చిక్కగా పట్టుకున్నా 600 దిర్హాములు అయితది అనుకోండి. మిగిలింది 600, అంటే 14,700 రూపాయలు. ఇదీ అసలు జీతం.

ఇప్పుడు అప్పు. వీసాకని లక్షన్నర తెచ్చాడు, నూటికి రెండ్రూపాయల మిత్తి. నెలకి మూడు వేలు మిత్తే. ప్రతి నెలా మిగిలిన 14,700 మొత్తం అప్పుకే కట్టినా తీరేసరికి పదకొండున్నర నెలలు, కట్టింది మొత్తం 1,69,000 దగ్గర. రెండేళ్ల కాంట్రాక్టులో చేతికొచ్చేది 3,52,800, అందులోంచి ఇది తీసేస్తే 1,84,000 దగ్గర మిగులుతది.

అదే మనిషి ఊర్లో ఉండి రోజుకి 700 కూలికి నెలకి 22 రోజులు పోతే 15,400, తన ఖర్చులకి ఆరు వేలు తీసేస్తే 9,400, రెండేళ్లకి 2,25,600. అంటే మొదటి కాంట్రాక్టులో ఊరే గెలిచింది! నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఒకాయన అరగంట మాట్లాడలేదు, తర్వాత "అయినా ఇక్కడ ఉంటే మిగలదన్నా, ఖర్చయిపోతది" అన్నాడు. అదీ నిజమే. క్యాంపులో ఖర్చు పెట్టడానికి చోటే ఉండదు, ఊర్లో పెళ్లిళ్లు, బోనాలు, దోస్తులు. లెక్కలో అది కూడా రాసుకోవాల్సిందే.

ఇక్కడ లెక్క తిప్పేది జీతం కన్నా ఎక్కువగా ఆ లక్షన్నర. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీసు ఫీజు రూల్ ప్రకారం 30,000, మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతే కట్టి పోయినోడికి రెండేళ్లకి మూడు లక్షల పైన మిగులుతది, అప్పుడు దుబాయే గెలుస్తది. జీతం వంద దిర్హాములు పెంచమని కొట్లాడే టైములో సగం ఏజెంటు దగ్గర పెట్టండి అని అందరికీ చెప్తా, వినేవాళ్లు తక్కువ.

టెన్త్ పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి పోయే ముందు గవర్నమెంట్ అనుమతి కావాల్సిన రకం) కిందకి వస్తది, గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో క్లియరెన్స్ ఉండాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తా అనేవాడు ఈ దారి తప్పించడానికే చెప్తున్నాడు. అట్లా పోయి ఖల్లివల్లి, అంటే కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లు, అయిపోయినోళ్లని నేను చూశా, వాళ్ల జీతాన్ని ఏ రేటుతో గుణించాలో నాకు తెలీదు.

జీతం 2,500 అన్నారు, లెటర్‌లో బేసిక్ 1,000 అని ఉంది. తేడా ఏమైనా ఉంటదా?

చాలా. యూఏఈలో గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బు) బేసిక్ మీదే కడతారు, మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాతి ఏళ్లకి 30 రోజులది. ఐదేళ్లు చేస్తే బేసిక్ 1,000 ఉన్నవాడికి 3,500 దిర్హాములు, మొత్తం 2,500 బేసిక్‌గా రాయించుకున్నవాడికి 8,750. తేడా 5,250 దిర్హాములు, మన పైసల్లో లక్షా ఇరవై ఎనిమిది వేలు. ఓటీ (ఓవర్‌టైమ్) కూడా బేసిక్ మీదే, గంటకి 25 శాతం ఎక్కువ, రాత్రి పదింటి నుంచి తెల్లారి నాలుగింటి మధ్య అయితే 50 శాతం. అందుకే అలవెన్సులు ఎక్కువ, బేసిక్ తక్కువ రాస్తారు కంపెనీలు. నా లెటర్ కూడా అట్లాంటిదే, సంతకం పెట్టేటప్పుడు టోటల్ ఒక్కటే చూశా, ఆరేళ్ల తర్వాత సెటిల్‌మెంట్ కాగితం చేతికొచ్చినప్పుడు బేసిక్ కనపడింది.

గల్ఫ్‌లో టాక్స్ లేదు కదా, మొత్తం చేతికే కదా?

ఇన్‌కమ్ టాక్స్ లేదు, నిజం. బ్యాచిలర్‌గా బెడ్ స్పేస్‌లో, అంటే గదిలో ఒక్క మంచం కిరాయికి తీసుకుని ఉండేవాడికి ఇది మంచి లాభం. ఫ్యామిలీతో ఉంటే మాత్రం కిరాయి రూపంలో, ఫీజు రూపంలో వసూలైపోతది. దుబాయ్‌లో కిరాయి రాబోయే తేదీలు వేసిన చెక్కుల మీద కట్టాలి, ఏడాదికి ఒకటో రెండో నాలుగో చెక్కులు, తక్కువ చెక్కులైతే రేటు కాస్త తగ్గిస్తారు. ఏడాది కిరాయిలో 5 శాతం హౌసింగ్ ఫీజు అని కరెంటు నీళ్ల బిల్లులో నెలనెలా కలిపి వేస్తారు. కిరాయి తక్కువని షార్జాలో ఉండి దుబాయ్‌కి పనికి పోయేవాళ్లు రోజుకి రెండు మూడు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుంటారు, కారు ఉంటే సాలిక్ (దుబాయ్ టోల్) గేటు దాటినప్పుడల్లా నాలుగు దిర్హాములు, రద్దీ టైములో ఆరు. వ్యాట్ 2018 నుంచి 5 శాతం.

సౌదీ సంగతి వేరే. 2017 జులైలో ఫ్యామిలీ మీద ఫీజు పెట్టారు, తలకి నెలకి 100 రియాళ్లు, ఏటా వంద పెంచుకుంటూ 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకి 1,200 రియాళ్లు ఊరికే కట్టాలి. దానికితోడు 2020 జులైలో వ్యాట్ 5 నుంచి 15 శాతం అయ్యింది. అప్పుడు చాలామంది భార్యాపిల్లల్ని ఇండియాకి పంపేసి తాము బ్యాచిలర్ గదులకి మారారు. ఇన్‌కమ్ టాక్స్ సున్నా అన్న బోర్డు మాత్రం అట్లాగే ఉంది.

కువైట్ దినార్ 290 రూపాయల దగ్గర ఉంది, అంటే కువైట్ జీతాలే ఎక్కువా?

కరెన్సీ నోటు పెద్దది అంత మాత్రాన జీతం పెద్దదని కాదు. జపాన్ యెన్ విలువ మన రూపాయి కన్నా చిన్నది, మరి జపానోళ్లు మనకన్నా పేదోళ్లా? దినార్ రేటు చూడొద్దు, ఎన్ని దినార్లు ఇస్తున్నారో చూడాలి. కడప వైపు నుంచి, కోనసీమ నుంచి ఇంటి పనికి పోయే ఆడవాళ్లు ఎక్కువమంది కువైట్‌కే పోతారు కదా, అక్కడ 2016లో ఇంటి పనివాళ్లకి పెట్టిన కనీస జీతం 60 దినార్లు, గుణిస్తే 17,400. ఉండటం తినటం వాళ్లింట్లోనే కాబట్టి దాదాపు మొత్తం మిగులుతది, కానీ పని గంటలు లెక్కపెట్టుకుంటే గంట కూలి ఎంత పడుతుందో మీరే వేసుకోండి.

ఒక్కో దేశంలో కనీస జీతం ఎంత?

నాకు గట్టిగా తెలిసినవి రాస్తా. ఖతర్‌లో 2021 మార్చి నుంచి నెలకి 1,000 రియాళ్లు, తిండి కంపెనీ పెట్టకపోతే 300, ఉండటానికి ఇవ్వకపోతే 500 అదనం. యూఏఈలో మనలాంటి బయటివాళ్లకి చట్టం పెట్టిన కనీసం అంటూ లేదు. జర్మనీలో 2026 జనవరి నుంచి గంటకి 13 యూరోల 90 సెంట్లు. యూకేలో 21 ఏళ్లు నిండినవాళ్లకి 2025 ఏప్రిల్ నుంచి గంటకి 12 పౌండ్ల 21 పెన్నీలు, 2026 ఏప్రిల్ నుంచి 12.71. ఆస్ట్రేలియాలో 2025 జులై నుంచి గంటకి 24 డాలర్ల 95 సెంట్లు, వాళ్ల డాలర్లు. సింగపూర్‌లో అందరికీ వర్తించే ఒకే కనీస జీతం లేదు.

అమెరికాది తమాషా. కేంద్రం పెట్టిన కనీసం గంటకి 7 డాలర్ల 25 సెంట్లు, 2009 జులైలో పెట్టింది, ఇంకా అదే. టెక్సాస్‌లో ఇప్పటికీ ఇదే చట్టం, కాలిఫోర్నియాలాంటి రాష్ట్రాలు సొంతంగా రెండింతల పైన పెట్టుకున్నాయి. 2009లో డాలర్ 48 రూపాయలు, అప్పుడు గుణిస్తే 348 రూపాయలు. ఇప్పుడు గుణిస్తే 652. అక్కడ ఆ కూలివాడికి పదహారేళ్లుగా ఒక్క సెంటు పెరగలేదు, ఈ మధ్యలో కిరాయిలు పెరిగాయి, గుడ్ల రేటు పెరిగింది, వాడి బతుకు కిందకి పోయింది. మన గుణకారంలో మాత్రం జీతం డబులు దగ్గరికి వచ్చింది.

గల్ఫ్ పోయేవాళ్లకి మన గవర్నమెంట్ ఏమైనా కనీసం పెడుతుందా?

పెడుతుంది. ఈసీఆర్ వాళ్లకి ఒక్కో దేశానికి ఒక్కో పనికి రెఫరల్ వేజ్ అని ఉంటది, అంతకంటే తక్కువకి క్లియరెన్స్ ఇవ్వొద్దు. 2020 సెప్టెంబర్‌లో కరోనా టైములో గల్ఫ్ దేశాలకి దీన్ని 30 నుంచి 50 శాతం తగ్గించేశారు, ఉద్యోగాలు పోకుండా ఉంటాయని చెప్పి. తెలంగాణ హైకోర్టులో దాని మీద కేసు పడింది, 2021లో కేంద్రం ఆ తగ్గింపు వెనక్కి తీసుకుంది. ఆ గ్యాప్‌లో సంతకాలు పెట్టి పోయినోళ్లు తక్కువ జీతానికే పోయారు పాపం.

అమెరికాలో లక్ష డాలర్ల జీతం అంటే 90 లక్షల ప్యాకేజీ కదా?

పెళ్లి సంబంధాల్లో అట్లాగే చెప్తారు. టెక్సాస్ అనుకుందాం, అక్కడ రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు. పెళ్లికాని కుర్రాడికి ఫెడరల్ టాక్స్, సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ కోత), మెడికేర్ (ముసలితనంలో వైద్యానికి కోత) పోను నెలకి చేతికి 6,500 చిల్లర. రూమ్మేట్లతో ఉండి 900 కిరాయి, కారు ఈఎంఐ ఇన్సూరెన్సు 700, తిండి 600, హెల్త్ ఇన్సూరెన్సుకి 150, మిగతావి 300 అనుకుంటే 2,650 పోయి 3,850 మిగులుతది. దీన్ని గుణించండి, మూడున్నర లక్షల దగ్గర. నెలకి అంత మిగిలే ఉద్యోగం హైదరాబాద్‌లో ఎంతమందికి ఉంది? కాబట్టి "అమెరికాలో ఏమీ మిగలదు" అనేదీ అబద్ధమే.

ఇప్పుడు అదే కుర్రాడికి పెళ్లయింది, భార్య హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద వచ్చింది, పని చేయడానికి పర్మిట్ లేదు, ఒక బాబు. టాక్స్ కాస్త తగ్గి చేతికి ఏడు వేల పైన వస్తది. అపార్ట్‌మెంట్ 1,900, ఫ్యామిలీ ఇన్సూరెన్సు 600, రెండు కార్లు 1,200, సరుకులు 900, కరెంటు ఇంటర్నెట్టు ఫోన్లు 400, బయట తిండి పిల్లాడి క్లాసులు 600. మొత్తం 5,600, మిగిలింది 1,400 చిల్లర. జీతం అదే లక్ష, ఇల్లు మారితే లెక్క మూడో వంతుకి పడింది. అందులో ఒకసారి ముగ్గురికి ఎండాకాలం టికెట్లు తీస్తే నాలుగు నెలల మిగులు గోవిందా, మా బావ అందుకే మూడేళ్లకోసారి వస్తాడు.

కొత్తగా పోయే పిల్లలకి ఒక మాట. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద, ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నన్ని రోజులు, మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల లోపు అయితే, సోషల్ సెక్యూరిటీ మెడికేర్ కొయ్యరు. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) రాగానే జీతంలో 7.65 శాతం కోత మొదలవుతది. స్వీట్లు పంచిన నెలలోనే పేచెక్కు తగ్గి కనిపిస్తది, కంగారు పడకండి.

చదువు అప్పు 40 లక్షలు, 11 శాతం వడ్డీ అనుకోండి, నెలకి ఒక్క మిత్తే 36 వేల పైన. ఏజెంటు అప్పు కథే ఇది, సంఖ్య పెద్దది, కాగితాలు నీట్‌గా ఉంటాయి.

జర్మనీలో ఎట్లా ఉంటది?

మా మేనకోడలు అక్కడుంది కాబట్టి కొంచెం తెలుసు. ఆఫర్‌లో రాసేది బ్రూటో, చేతికొచ్చేది నెటో. ఏడాదికి 60 వేల యూరోలు ఉన్న ఒంటరి మనిషికి టాక్సులు, పెన్షను, హెల్త్ ఇన్సూరెన్సు పోను అరవై మూడు శాతం దగ్గర చేతికొస్తది. దోచుకుంటున్నారు అనిపిస్తది. కానీ ఆసుపత్రి బిల్లు భయం లేదు, పిల్లలుంటే ఒక్కొక్కరికి నెలకి 259 యూరోలు గవర్నమెంటే ఇస్తుంది, ఎక్కువ గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 ఉంది. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు తిరిగే టికెట్టు 2026 నుంచి నెలకి 63 యూరోలు, 2023లో మొదలైనప్పుడు 49 ఉండేది.

కిరాయి చూసేటప్పుడు కాల్ట్ అంటే ఉత్త కిరాయి, వార్మ్ అంటే హీటింగ్ మెయింటెనెన్స్ కలిపి. మేనకోడలు కాల్ట్ రేటు చూసి సంబరపడి ఇల్లు ఒప్పుకుంది, పోయి చూస్తే వంటింట్లో సింకు కూడా లేదు, గోడలోంచి రెండు పైపులు బయటికి ఉన్నాయంతే. అక్కడ చాలా ఇళ్లు అట్లాగే ఇస్తారట, కిచెన్ మనమే పెట్టించుకోవాలి. మూడు నెలల కిరాయి అడ్వాన్సు, మీద కిచెన్ ఖర్చు. ఏ వెబ్‌సైట్ పోలికలోనూ ఆ రెండు పైపులు కనపడవు.

ఆ పోలిక వెబ్‌సైట్లు నమ్మొచ్చా?

నంబియో లాంటి వాటిలో న్యూయార్క్‌ని 100 అనుకుని మిగతా ఊళ్లకి మార్కులు వేస్తారు. రేట్లు ఎక్కించేది మామూలు జనాలే. హైదరాబాద్, దుబాయ్ లాంటి పెద్ద ఊళ్లకి ఎక్కువమంది రాస్తారు కాబట్టి పర్లేదు, చిన్న ఊళ్లకి ఇద్దరు ముగ్గురు రాసినదే ఉంటది. మెర్సర్ లాంటి కంపెనీల ర్యాంకులు పేపర్లో వస్తాయి చూడండి, అవి కంపెనీలు తమ ఆఫీసర్లని విదేశాలకి పంపేటప్పుడు అలవెన్సు ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి, ఆ బుట్టలో మన మెస్సు ఉండదు. అన్నిటికన్నా ఆ ఊర్లో ఉన్న మనోడిని ఒకణ్ణి పట్టుకుని పోయిన నెల ఖర్చు చెప్పమనండి. జీతం అడిగితే దాస్తాడు, ఖర్చు అడిగితే ఆపకుండా చెప్తాడు.

రూపాయి పడిపోతే మనకి లాభమే కదా?

పంపే నెలలో లాభమే. దిర్హాం 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి డాలర్ ఎంత పెరిగితే దిర్హాం అంత పెరుగుతది. 2008 మొదట్లో దిర్హాం పదకొండు రూపాయల లోపే, ఇప్పుడు ఇరవై నాలుగున్నర. కానీ ఈ మధ్యలో ఇక్కడ సిమెంటు, స్కూలు ఫీజు, ప్లాటు రేటు ఆగి ఉన్నాయా? 2008లో 800 దిర్హాములకి పోయిన లేబర్ ఇప్పుడు పోయినా వెయ్యి లోపే ఆఫర్లు ఉన్నాయి, రూపాయల్లో రెండింతలు దాటింది, గుంట భూమిలో చూస్తే తగ్గింది.

అప్పు రూపాయల్లో ఉండి జీతం డాలర్లలో ఉన్నవాళ్లకి మాత్రం రూపాయి పడితే పండగే. డాలర్లలో ఫీజు కట్టాల్సిన పిల్లల తండ్రికి అదే రోజు తద్దినం.

మనోళ్లు అసలు ఎక్కడి నుంచి ఎక్కువ పంపుతున్నారు?

ఆర్బీఐ 2023-24 సర్వేలో దేశానికి వచ్చిన డబ్బులో అమెరికా నుంచి 27.7 శాతం, యూఏఈ నుంచి 19.2 శాతం. రాష్ట్రాల్లో తెలంగాణకి 8.1, ఆంధ్రకి 4.4 శాతం వచ్చింది. తల లెక్కన చూస్తే గల్ఫ్‌లో ఒక్కొక్కరు పంపేది చిన్న మొత్తమే, కానీ అది వచ్చిన రోజునే కిరాణా కొట్టు పద్దులోకి పోతది. ఇంకోటి, అమెరికా నుంచి నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటితో పంపితే 2026 జనవరి నుంచి 1 శాతం టాక్స్ ఉంది, బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు.

మీరు స్వయంగా ఏ లెక్క వాడేవారు?

నాది కాదు, నా రూమ్మేట్‌ది కాపీ కొట్టా. మల్యాల వైపు మనిషి, స్కాఫోల్డింగ్ పని, ఏడో తరగతి. కంపెనీ ఇచ్చిన పాత డైరీలో పేజీ మధ్యలో గీత గీసేవాడు. ఎడమవైపు దిర్హాముల్లో ఆ రోజు ఖర్చు. కుడివైపు నెలాఖరుకి మిగిలింది, కానీ రూపాయల్లో కాదు, ఇంట్లో సామాన్లలో. "యూరియా 4 సంచులు, బిడ్డ ఫీజు సగం, అమ్మ గోలీలు రెండు నెలలు" అని. సంచి యూరియా రేటు కూడా పక్కన రాసుకునేవాడు, అదొక్కటే ఏళ్ల తరబడి మారలేదని నవ్వేవాడు. ఒక నెల కుడివైపు ఖాళీ, ఏంటన్నా అంటే "ఈ నెల మిత్తికి పోయింది, మిత్తి సామాను కాదు కదా" అన్నాడు. పీపీపీ అన్న మాట ఆయన ఎప్పుడూ విని ఉండడు.

మీరు పెట్టుకున్న రేట్లు మారిపోతే ఎట్లా?

ఆ రోజు డాలర్ రేటు ఒక్కటి చూడండి. 3.6725తో భాగిస్తే దిర్హాం, 3.75తో భాగిస్తే సౌదీ రియాల్, 3.64తో భాగిస్తే ఖతర్ రియాల్ వస్తది, ఇవి డాలర్‌కి కట్టేసినవే. కువైట్ దినార్ కొన్ని కరెన్సీల కలగలుపుకి కట్టి ఉంటది కాబట్టి దాన్ని విడిగా చూడాలి, యూరో పౌండ్ కూడా అంతే. ఎక్స్ఛేంజ్ వాడు ఇచ్చే రేటు గూగుల్ రేటు కన్నా కొంత తక్కువ ఉంటది, పైన ఫీజు వేరే, ఆ తేడాని మాత్రం జీతంలోంచి కాకుండా పంపే మొత్తంలోంచి తీసి చూడండి.